మెడకో జంట

కట్టుడు పళ్ళ దుకాణం, వెనక గది

మహారాజశ్రీ బావగారి పాదపద్మములకు (కడుక్కుని ఉన్నట్లయితే),

ఇందుమూలముగా యావన్మంది బంధువులకు, మిత్రులకు, అప్పుడప్పుడూ గోడ మీదికి వచ్చి కూర్చొను పక్కింటి పిల్లికి తెలియజేయునది ఏమనగా: ఈ గది యజమాని అగు నా యొక్క మెడ గత సోమవారం మొహం కడుక్కొను సమయమున కుడివైపునకు తిరుగుటకు నిరాకరించినది. కావున కుడివైపు నుండి నన్ను పిలవదలచినవారు శ్రమ అనుకోక చుట్టూ తిరిగి ఎడమవైపునకు వచ్చి పిలవవలెను. ఎటు నుండీ ఎవరూ పిలవరు కనుక ప్రజలకు అసౌకర్యం లేదు.

ఇంతటితో నా గ్రాంథికం అయిపోయింది బావా. ఎనిమిదో తరగతిలో మాస్టారు నన్ను బయటికి పంపేసేసరికి అంతవరకే వచ్చింది.

సంగతేమిటంటే, రోజంతా ఊళ్ళోవాళ్ళ నోళ్ళ అచ్చుల మీదికి వంగి, మైనంలో పళ్ళు గుచ్చి గుచ్చి, నా మెడ కొంగ మెడ అయిపోయింది. నాకు పని పంపించే పళ్ళ డాక్టరు చూసి, "ఇంట్లో కూర్చునే ఫిజియోథెరపీ చేయించుకో, వీడియోలో చూస్తారు" అన్నాడు. ఫోన్లోంచి నా మెడ ఎలా పట్టుకుంటారని అడిగాను. "పట్టుకోరు. నీ మెడ నువ్వే పట్టుకోవాలి. వాళ్ళు చూస్తారు" అన్నాడు. ఇదేదో నా బతుకులాగే ఉందని ఒప్పుకున్నాను.

మంగళవారం సాయంత్రం ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఫోనుని ఎవరిదో కింది దవడ అచ్చుకి ఆనించి కూర్చున్నాను. తెరలో డాక్టరమ్మ. అక్క పెళ్ళినాటి వయసుండొచ్చు, గొంతు మాత్రం హెడ్మాస్టరుది. నా వెనక అరల్లో వరసగా ఉన్న అచ్చుల్ని చూసి, "అవన్నీ ఏమిటండీ?" అంది. "నా కుటుంబమండీ" అన్నాను. నవ్వలేదు. అక్కయితే నవ్వేది.

వ్యాయామాలు మూడు నేర్పింది. పేర్లు ఇంగ్లీషులో చెప్పింది కాబట్టి నేను మార్చేశాను. గడ్డం లోపలికి లాక్కుని మెడ నిటారుగా పెట్టడం కొత్తకోడలు. భుజం మీదుగా మెల్లగా వెనక్కి చూడటం, వంటింట్లో ఏం చప్పుడైందో అన్నట్టు, అది అత్తగారు. భుజాలు వెనక్కి, ఛాతీ ముందుకి పెట్టేది అల్లుడు. వచ్చిన మొదటి రోజు అల్లుడు సుమా, నెల్లాళ్ళు తిష్ఠవేసిన అల్లుడు కాదు.

బావా, అక్క పోయాక ఇది నేను రాస్తున్న నాలుగో ఉత్తరం. నీ దగ్గర్నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఇదివరకు అక్క నాలుగు పేజీలు రాస్తే అడుగున నువ్వు ఒక్క లైను రాసేవాడివి: "నేను క్షేమం. బావ." ఆ లైను చూసి నవ్వుకునేవాణ్ణి. ఇప్పుడు ఆ ఒక్కటి రాసినా చాలు. పైన ఖాళీ కాగితం ఉన్నా ఫరవాలేదు.

ఇట్లు,
పరాయి నోళ్ళు బాగుచేసి సొంత నోరు పాడుచేసుకున్న నీ బావమరిది

*

ఇంటి దగ్గర

ఒరేయ్,

నేను క్షేమం.

బావ

ఆ వ్యాయామాలు కాస్త వివరంగా రాసి పంపు. నాకు కాదు. మా స్కూలు వ్యానులో పిల్లల్ని చూసుకునే ఆయాకి మెడ పట్టేసింది.

*

వెనక గది, అచ్చుల నడుమ

బావా,

నీ ఉత్తరం చేరింది. ఒక్క లైను అడిగితే ఇన్ని లైన్లు రాశావు, చెయ్యి నొప్పెట్టలేదు కదా. దాన్ని చదివి, తిరిగి చదివి, ఒక పెద్దమనిషి పైపళ్ళ అచ్చు నోట్లో పెట్టాను. కాగితం ఎగిరిపోకుండా కరిచిపట్టుకుంటాడని.

ఆయాకి మెడనొప్పా? పాపం. నీ వ్యానులో ఆ మనిషి ఎన్నేళ్ళ నుంచి ఉందో, అక్క రాసిన ఉత్తరాల్లో ఆవిడ మోకాళ్ళ గురించి చదివాను, నడుము గురించి చదివాను, కోడలి గురించి మరీ ఎక్కువ చదివాను. మెడ గురించి ఎప్పుడూ చదవలేదు. సరే, మనిషన్నాక కొత్త జబ్బులు సంపాదించుకోవాలి. ఏ పక్క నొప్పో కనుక్కుని రాయి. ఈలోగా వివరం ఇది:

కుర్చీలో నిటారుగా కూర్చోవాలి. కొత్తకోడలు ముందు. గడ్డం కిందికి వంచకూడదు, నేరుగా వెనక్కి తీసుకోవాలి, ఎదుటివాడి నోరు వాసనొచ్చినట్టు. కాసేపు ఉంచి వదలాలి. తరవాత అత్తగారు, అటొకసారి ఇటొకసారి. నొప్పి వచ్చేచోట ఆగిపోవాలి. నేను పళ్ళు బిగించి ఇంకా తిప్పబోతే డాక్టరమ్మ, "మెడతో పంతాలు వద్దండీ" అంది. ఆఖరికి అల్లుడు.

ఇంకొకటి, ముఖ్యమైనది. డాక్టరమ్మ మరీ మరీ చెప్పిన నియమం. ఇది ఒక్కరే చేస్తే పట్టదు. ఇద్దరు చెయ్యాలి. ఒకే గదిలో ఉండక్కర్లేదు, ఒకే ఊళ్ళో కూడా అక్కర్లేదు, ఒకే వేళకి చేస్తే చాలు. మెడ సిగ్గరి అట. ఇంకో మెడ కూడా తిరుగుతోందని తెలిస్తేనే ఇది కదులుతుందట. జంట పద్ధతి అంటారు. ఆయాకి జంట దొరక్కపోతే నేనున్నానని చెప్పు. పొద్దున్న ఆరింటికి. పరాయి ఆడమనిషి అని మొహమాటపడితే, మధ్యలో నువ్వు కూడా కూర్చోవచ్చు.

ఇక్కడంతా మామూలే. గదినిండా నోళ్ళు, మాట్లాడేది ఒక్కటీ లేదు.

ఇట్లు,
మెడకో డోలు కట్టుకున్నవాడు

*

ఇంటి దగ్గర

ఒరేయ్,

ఆయాకి ఎడమ పక్క నొప్పి. తల అటు తిప్పితే భుజం దాకా లాగుతోంది. అందువల్ల వ్యాను వెనక్కి తియ్యలేకపోతోంది.

రాసిన తరవాత చూసుకున్నాను. కొట్టేసి మళ్ళీ రాయడం దేనికి, నీకు ఎలాగూ తెలిసిపోయి ఉంటుంది. నీ వెటకారాలన్నీ ఒకేసారి రాసేసి ఊరుకో. నెలనెలా పంచకు.

మెడ తిరక్కపోయినా అద్దాల్లో చూసుకుని నడుపుతున్నాను. వెనక్కి తీసేటప్పుడు పిల్లలు వెనక సీట్లోకి చేరి "రానీ తాతా, రానీ రానీ" అని అరుస్తారు. వాళ్ళకి అదొక ఆట. వాళ్ళ నోటి మాట మీద ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చాను. అయితే సెలవులయ్యాక బడి తెరిచేముందు డ్రైవర్లకి పరీక్ష పెడతారు. కళ్ళు, చెవులు, చేతులు, మెడ. వెనక్కి తిరిగి చూడమంటారు. చూడలేకపోతే వ్యాను ఇవ్వరు.

వ్యాను పోతే జీతం సంగతి అలా ఉంచు. పొద్దున్న పిల్లలు ఎక్కినప్పట్నుంచి సాయంత్రం దిగేదాకానే నా చెవిన మనిషి మాట పడేది.

ఫోను ఎత్తవేమని మొదటి మూడు ఉత్తరాల్లోనూ దెప్పావు. ఫోన్లో నీతో మాట్లాడేది మీ అక్క. నేను పక్కన కూర్చుని "అడిగానని చెప్పు" అనేవాణ్ణి. ఇప్పుడు ఎత్తితే ఎవరితో చెప్పమని చెప్పాలి?

జంట పద్ధతి అనేది నేనెక్కడా వినలేదు. అయినా ఆరింటికి సరే. రేపట్నుంచి.

బావ

*

వెనక గది, ఆరూ దాటాక

బావా,

వెటకారం అంతా ఒకేసారి రాసెయ్యమన్నావు కాబట్టి రాస్తున్నాను: ఆయాగారూ, మీ మీసాలు ఎలా ఉన్నాయండీ? అయిపోయింది. ఇంక అనను.

పొద్దున్నే లేవడం నా జాతకంలో లేదని అక్క అనేది గుర్తుందా? నెత్తిన నీళ్ళు కుమ్మరిస్తే గాని లేచేవాణ్ణి కాదు. ఇప్పుడు అయిదున్నరకే మెలకువొచ్చేస్తోంది. మొహం కడుక్కుని, దుకాణం వైపు కుర్చీ వేసుకుని కూర్చుంటాను. కొత్తకోడలు అవగానే, ఇప్పుడు బావ అత్తగారు చేస్తుంటాడు, మొహం ఎలా పెట్టుంటాడో అనుకుంటాను. నువ్వు అత్తగారు చేస్తే నిజంగా అత్తగారిలాగే ఉంటావు. అక్క పెళ్ళిలో ఫొటోకి నిలబడ్డప్పుడు నీ మొహం అదే.

మంగళవారం డాక్టరమ్మ నాకు కొత్తది నేర్పింది. తల పక్కకి వంచి, చెయ్యి తల మీద వేసి, అవతలి పక్క నరాలు సాగేలా చెయ్యడం. దీని పేరు అలిగిన మరదలు. నాది కుడి, నీది ఎడమ కాబట్టి అంతా తిరగేసి రాస్తున్నాను. తల ఎడమ భుజం వైపు వంచు. ఎడం చేత్తో పట్టుకుని కిందికి లాగు. మెడ మొండికేస్తే నువ్వూ మొండికెయ్యి. ఎన్నేళ్ళ మొండిమెడ అది, ఊరికే వంగుతుందా.

డాక్టరమ్మ ఈసారి నన్ను చూడగానే, "మెడ బాగా నిలబడింది, భుజాలు కూడా దిగాయి" అంది. నా భుజాలు ఎక్కడున్నాయో పట్టించుకున్న మనిషిని చూసి చాలాకాలమైంది. ఇంకో చొక్కా కూడా ఇస్త్రీకి ఇచ్చాను.

ఇట్లు,
నీ మెడకు పడ్డ పాము

*

స్కూలు షెడ్డు దగ్గర బల్ల

శ్రీయుత బావమరిది గారికి,

నమస్కారములు. మీరు పంపిన వ్యాయామం మీరు చెప్పిన ప్రకారమే వారం రోజులు చేశాను. మొండికెయ్యమన్నారు, మొండికేశాను. నిన్న పొద్దున్న మెడ పూర్తిగా బిగిసిపోయింది. అయినా వ్యాను తీశాను, అది నా బుద్ధితక్కువ. సాయంత్రం పిల్లల్ని దింపేసి, ఖాళీ వ్యాను షెడ్డులో పెట్టడానికి వెనక్కి తీస్తున్నాను. రానీ రానీ అనడానికి ఎవరూ లేరు. సైకిళ్ళ వరస మీదికి పోనిచ్చాను. మనుషులెవరూ లేరు కాబట్టి సరిపోయింది.

ప్రిన్సిపాలు గారు మంచివారు, కేకలెయ్యలేదు. పరీక్ష అయ్యేదాకా వ్యాను ఇంకో డ్రైవరుకి ఇచ్చారు. ఇవాళ తాళాలు అప్పజెప్పడానికి వచ్చి ఇక్కడ కూర్చుని రాస్తున్నాను. పిల్లలు కిటికీల్లోంచి చెయ్యి ఊపారు. అటు తిరగలేక, ఎదురుగా ఉన్న గోడకేసి చెయ్యి ఊపాను.

మీ వైద్యానికి కృతజ్ఞతలు. ఇకపై మీరు శ్రమపడి ఉత్తరాలు రాయనక్కరలేదు.

ఇట్లు,
మీ బావ

*

వెనక గది

బావా,

మీరు అన్నావు.

అక్క పోయిన రోజున, నేను గుమ్మంలో నిలబడిపోతే, "ఒరేయ్, లోపలికి రారా" అన్నావు. ఆ రోజు కూడా ఒరేయ్ అన్నావు. నాకు ఇన్నేళ్ళొచ్చాయి, తల సగం నెరిసింది, నన్ను ఒరేయ్ అనేవాళ్ళు ఇద్దరుండేవాళ్ళు. ఒక్కడు మిగిలాడు. ఆ ఒక్కడూ ఇప్పుడు శ్రీయుత అంటే నేనెక్కడికి పోవాలి?

నువ్వు రాయొద్దన్నావు గనక ఇది ఉత్తరం కాదు, క్షమాపణ పత్రం. డాక్టరమ్మకి అంతా చెప్పాను. ఆవిడకి కోపం వచ్చింది. గట్టిగా అరిచే కోపం కాదు, అక్క కోపంలాంటిది, గొంతు తగ్గేది. "నా వైద్యం కవర్లో పెట్టి పంపించారా? మీ మెడకి చెప్పింది మీ మెడకే. ఆయన మెడ నేను చూడందే ఎలా చెబుతాను?" అంది. నేనేం రాశానో చదివి వినిపించమంది. వినిపించాను. నొప్పి ఉన్న పక్కకే వంచమని రాశానట. ఆవిడ నాకు చెప్పింది అవతలి పక్కకి. తెరలో నా బొమ్మ అద్దంలోలాగా తిరగబడి కనపడుతుందట. అందులో చూసి కుడి ఎడమలు రాసుకున్నాను. తిరగబడ్డదాన్ని నీ కోసం మళ్ళీ తిరగేశాను. ఇంక లాగడం సంగతి. "చెయ్యి ఊరికే ఆనించమన్నాను. లాగమన్నానా?" అంది. అనలేదు బావా. లాగడం నేను కలిపాను. ఉత్తరం రుచిగా ఉంటుందని.

ఆవిడ అడగమన్నవి: చేతులు తిమ్మిరెక్కుతున్నాయా? వేళ్ళలో పట్టు తగ్గిందా? నడిస్తే తూలుతున్నావా? ఇందులో ఏ ఒక్కటి ఉన్నా ఫోను వైద్యం కుదరదట, వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలట. లేకపోతే నిన్ను తెర ముందు కూర్చోబెట్టమంది. నా మంగళవారం నీకిచ్చేశాను. ఈ మంగళవారమే కాదు, మిగిలినవన్నీ. పరీక్షకి ఇంకా టైముంది, అందుకుంటావు అంది.

ఫోనులో ఏం మాట్లాడాలో తెలియదంటావు. నువ్వేమీ మాట్లాడక్కర్లేదు. ఆవిడ అడుగుతుంది, నువ్వు తలూపు. ఇప్పుడు అదీ కష్టమేలే. ఊఁ అను.

నా మీద కోపం ఉంచుకో. కానీ అది మెడ మీద తీర్చుకోకు.

ఇట్లు,
ఏమని సంతకం పెట్టాలో తెలియనివాడు

*

ఇంటి దగ్గర

ఒరేయ్,

చేతులు బాగున్నాయి. తూలడం లేదు. మంగళవారం కూర్చున్నాను.

నాది బొత్తాల ఫోను, అందులో వీడియో రాదు. మీ అక్క ఫోను బీరువాలోంచి తీశాను. ఇన్నాళ్ళూ ఆగిపోయి ఉంది. ఆయా వచ్చి ఛార్జింగు పెట్టి, ఎక్కడ నొక్కాలో చూపించి వెళ్ళింది. ఆవిడ మెడ బాగానే ఉంది, అడిగానని చెప్పమంది. ఫోను వెలిగిన కాసేపటికి అలారం మోగింది. మందుల వేళ అని మీ అక్క పెట్టుకున్నది. ఆపలేదు. దానంతట అది ఆగేదాకా మోగనిచ్చాను.

డాక్టరమ్మ దూరంగా జరగమంది, భుజాలు కనపడాలట. జరిగాను. ఇంకా జరగమంది. గోడ దాకా పోయాను. అప్పుడు నా వెనక ఉన్న పడక కుర్చీ కూడా కనిపించింది కాబోలు. "ఆ కుర్చీలో తువ్వాలు ఒక పక్కనే మడతపెట్టి ఉందేమిటి?" అని అడిగింది. తల ఆనించుకోవడానికి అన్నాను. "ఎప్పుడు?" అంది. నిద్రపోయేటప్పుడు అన్నాను. "ఎన్నాళ్ళుగా కుర్చీలో నిద్రపోతున్నారు?" అంది.

ఇది నీకు చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. మీ అక్క మంచం నా కుర్చీకి ఎడమ పక్క ఉండేది. ఆఖర్లో ఆవిడకి గొంతు రాలేదు, పిలవలేకపోయేది. అందుకని కుర్చీలోనే పడుకుని, తల అటు తిప్పి ఉంచేవాణ్ణి. కదిలితే తెలుస్తుందని. మంచం తీసేశారు. నేను అలాగే పడుకుంటున్నాను. ఇంకోలా పడుకుంటే నిద్ర రావడంలేదు.

డాక్టరమ్మకి ఇంత చెప్పలేదు. "మా ఆవిడ మంచం అటుండేది" అన్నాను. ఆవిడ తెరకి దగ్గరగా జరిగి ఆ కుర్చీని మళ్ళీ చూసింది. తరవాత, "మీ మెడకి జబ్బేమీ లేదండీ. అది ఇంకా కాపలా కాస్తోంది. మెల్లగా దింపుదాం" అంది.

ముందు కుర్చీ జరపమంది. తరవాత లోపలి గదిలో నా మంచం మీద పడుకోవాలి, పల్చని దిండుతో. వ్యాయామాలు నా మెడకి తగ్గట్టు మార్చింది, చాలా చిన్నవి. కదులుతున్నట్టే ఉండదు. రోజూ ఎప్పుడు చేస్తారని అడిగితే ఆరింటికి అన్నాను. జంట సంగతి ఆవిడ ఎత్తలేదు. నేనూ అడగలేదు.

కోపం వచ్చినమాట నిజమే. కోపం వస్తే నోటికి మర్యాదే వస్తుంది నాకు. మీ అక్కని కూడా రెండుసార్లు మీరు అన్నాను. రెండుసార్లూ ఆవిడ మూడురోజులు మాట్లాడలేదు.

బావ

*

వెనక గది, మైనం చల్లారుతుండగా

బావా,

నీ ఉత్తరం చదివి చేతిలో పని పక్కన పెట్టేశాను. వెలిగించిన దీపం మీద మైనం కారి బల్లంతా అయింది. గీకుతున్నాను, ఇంకా పోలేదు.

ఈసారి వెటకారం ఏమీ తోచడంలేదు. నాకు తెలియదు బావా. నువ్వు ఆ పక్కకే తిరిగి ఉన్నావని నాకు తెలియదు. తెలిస్తే ఆ పక్కకి లాగమని రాసేవాణ్ణి కాదు.

అక్క చిన్నప్పుడు నన్ను వెనక నుంచి పిలిచి, నేను తిరిగేలోపు రెండో పక్కకి వచ్చి నెత్తిన మొట్టేది. ఎటు తిరిగినా ఇంకో పక్కనే ఉండేది. కుర్చీ జరిపితే అక్కకి అన్యాయం చేసినట్టు అనుకోకు. అటు తిరిగి ఉంటేనే దొరికే మనిషి కాదు అది.

నాకు డాక్టరమ్మ సెలవిచ్చేసింది. నీ సంగతి కనుక్కుందామని ఒకసారి ఫోన్ చేస్తే, పనిలోపనిగా నా మెడ కూడా తిప్పించి చూసి, "మీకిక నా అవసరం లేదండీ" అంది. మనుషులు నాతో ఆ మాట అనడం కొత్త కాదు, ఇంత సంతోషంగా అనడం మాత్రం ఇదే మొదటిసారి. ఇంకా నొప్పి ఉందని చెబుదామనుకున్నాను. నోరు అబద్ధానికి సిద్ధంగానే ఉంది, మెడ మాత్రం నిజం చెప్పేసింది. నూనె పెట్టిన తలుపు బందులా తిరిగింది.

ఇస్త్రీ చొక్కాలు రెండు మిగిలాయి. మంగళవారాలు అలవాటుకొద్దీ వేసుకుని అచ్చుల ముందు కూర్చుంటున్నాను. ఒక్కడూ బాగుందనలేదు, పళ్ళికిలించారంతే.

ఆరింటికి మానకు. నాకు బాగైనా నీ జంట కోసం నేను చెయ్యాలి కదా, అది నియమం.

ఇట్లు,
ఒరేయ్

*

షెడ్డు దగ్గర, వ్యానులో కూర్చుని

ఒరేయ్,

ఈ ఉత్తరం స్టీరింగు మీద కాగితం పెట్టి రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే అందుకు.

పరీక్ష అయింది. కళ్ళు చూశారు, చెవుల్లో ఏదో పెట్టి చూశారు. ఆఖరికి కుర్చీలో కూర్చోబెట్టి, కుడి భుజం మీదుగా వెనక్కి చూడమన్నారు. అది ఎప్పుడూ బాధ లేదు. తరవాత ఎడమ. భయమేసింది. డాక్టరమ్మ ఒక మాట చెప్పింది, తిప్పాలి అనుకోకండి, ఎవరో పిలిస్తే చూస్తున్నాననుకోండి అని. అలాగే అనుకున్నాను. తిరిగాను. తిరిగితే అక్కడ తెల్లగోడ, దాని మీద చెయ్యి కడుక్కునే విధానం బొమ్మలు. ఎవరూ లేరు. అయినా తిరిగింది. "చాలండీ, చాలు" అన్నారు. నేను ఇంకాసేపు అలాగే చూశాను.

వ్యాను ఇచ్చారు. నిన్న మొదటిరోజు. సాయంత్రం బడి ముందు వెనక్కి తీస్తుంటే పిల్లలు వెనక సీట్లోకి పరిగెత్తి రానీ రానీ అన్నారు. అక్కర్లేదర్రా, నాకు కనపడుతోంది అందామనుకున్నాను. అనలేదు. కనపడనట్టే ఆగి ఆగి తీశాను.

కుర్చీ కిటికీ దగ్గర వేశాను. ఇప్పుడు దాంట్లో కూర్చుంటే వీధి కనపడుతుంది. పడుకునేది మంచం మీదే. మొదట్లో నిద్ర పట్టలేదు. ఇప్పుడు కొంచెం పడుతోంది. ఫోన్లో అలారం మాత్రం తీసెయ్యలేదు.

ఒక సంగతి. నా మెడ బాగైంది. నీదీ బాగైందంటున్నావు. ఇంక జంట అవసరం ఉండదేమో. అసలే పొద్దున్న లేవలేని మనిషివి, నా మూలంగా నీ నిద్ర పాడుచేసుకోవడం దేనికి. ఆరింటి సంగతి మానేద్దామా? నువ్వు ఎలా అంటే అలా.

బావ

*

కట్టుడు పళ్ళ దుకాణం, వెనక గది

ఒరేయ్ అనే బావకి,

ఇందుమూలముగా యావన్మందికీ, ముఖ్యముగా స్టీరింగు మీద ఉత్తరాలు రాయువారికి తెలియజేయునది ఏమనగా: ఆరింటి సంగతి మానబడదు. నోటీసు గోడకి అంటించడమైనది. పిల్లి సాక్షి.

వ్యాను వచ్చిందని చదివి దుకాణం తలుపు తీసి వీధిలోకి వెళ్ళాను, ఎవరికైనా చెబుదామని. చెప్పడానికి తగినవాళ్ళు కనపడక, పళ్ళు పుచ్చుకోవడానికి వచ్చిన ముసలాయనకి చెప్పాను. "మా బావ మెడ తిరిగిందండీ" అన్నాను. నోట్లో కొత్తపళ్ళు ఇంకా కుదరలేదేమో, ఆయన "ఎటు?" అన్నాడు. అటూ ఇటూ అన్నాను. సంతోషించి వెళ్ళిపోయాడు.

పిల్లల్ని రానీ రానీ అననిచ్చావు చూడు, అది బాగుంది. అక్కకి చెబితే నాలుగు పేజీలు రాసేది దాని మీద.

రేపట్నుంచి అత్తగారు కుడివైపు నుంచి మొదలుపెట్టు, ఎడమకి కాస్త విశ్రాంతి. నేనూ కుడి నుంచే మొదలుపెడతాను. ఈసారి అద్దంలో చూసి రాయడంలేదు, చెయ్యి గుండె మీద పెట్టుకుని, ఇటు గుండె ఉంది గనక ఇది ఎడమ అని రూఢి చేసుకుని రాస్తున్నాను.

ఇట్లు,
నీ ఒరేయ్

తా.క. జంట సంగతి నువ్వు డాక్టరమ్మని అడగలేదన్నావు. అడగకుండా ఊరుకున్నావంటే నీకు తెలిసే ఉండాలి. నీ కోసమే చేశానని కూడా అనుకుని ఉంటావు. అలా అనుకుంటే నాకు మంచిపేరే, కానీ ఆయాకి నొప్పి అని నువ్వు రాసిన రోజున నేను ఆలోచించింది నీ మెడ గురించి కాదు. ఈ గదిలో నేను పొద్దున్న లేచానో లేదో తెలిసేవాళ్ళు ఎవరూ లేరు బావా. ఎక్కడో ఒక మనిషి ఆరింటికి తల తిప్పుతూ, వాడు లేచి ఉంటాడు అనుకుంటాడు కదా అని ఆశపడ్డాను. జంట పద్ధతి అన్నది ఏ వైద్యంలోనూ లేదు. డాక్టరమ్మ ఆ మాట ఎప్పుడూ అనలేదు. అది మొత్తం నేను కల్పించిందే.